బాధ తగ్గింది... బుర్ర ఇంకా తేరుకోలేదు

*డిప్రెషన్‌కు మందులు పనిచేశాక కూడా పరధ్యానం, మతిమరుపు నెలల తరబడి వెంటాడతాయి. కంప్యూటర్ సాధన వాటిని తగ్గించగలదా? తెనాలి, బాపట్ల, రేపల్లె మనుషులకు అది అందేదెలా?*

తెనాలి బోసు రోడ్డులో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్న వేళ. బట్టల కొట్టులో గుమాస్తా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఆ కొట్టు లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. ఇవాళ ఎక్కించాల్సినవి ముప్పై బిల్లులు. పదకొండో బిల్లు దగ్గర ఉండగా ఎవరో వచ్చి పంచెల ధర అడిగారు. చెప్పాడు. తిరిగి తెర వైపు చూస్తే ఎక్కడ ఆపాడో గుర్తు రాలేదు. మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఏడో బిల్లుకు ఫోన్ మోగింది. మళ్ళీ మొదటికి. పన్నెండింటికి షావుకారు వచ్చి "అయిందా?" అని అడిగితే "అయిపోతుందండీ" అన్నాడు. అరచేతుల చెమట ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆర్నెల్ల కిందట ఆయనకు డిప్రెషన్ వచ్చింది. గుంటూరు తీసుకెళ్ళి చూపించారు. మందులు పనిచేశాయి. ఇప్పుడు నిద్ర పడుతోంది, అన్నం సయిస్తోంది, తెల్లవారుజామునే మెలకువ వచ్చి బతుకు మీద విరక్తి పుట్టడం పోయింది. "మావాడు మామూలైపోయాడు" అని ఇంట్లోవాళ్ళు చుట్టాలకు చెప్పుకున్నారు. ఇంకా మామూలు కాలేదన్న సంగతి తెలిసింది ఆయనొక్కడికే.

ఈయనకు పేరు పెట్టడం లేదు. ఈయన ఏ ఒక్కరో కాదు గనక. బాపట్ల హాస్టల్ గదిలో ఒకే పేరా నాలుగుసార్లు చదివి పుస్తకం మూసేసే కుర్రాడిలోనూ, రేపల్లెలో పాలు పొయ్యి మీద పెట్టి వాసన వచ్చేదాకా మరిచిపోయే ఇల్లాలిలోనూ ఉన్నది ఇదే కష్టం.

ఈమధ్య ఫోన్ తెరిస్తే మెదడు ఆటల ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. రోజూ కాసేపు ఆడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఒకటి, ఒత్తిడి పోతుందని ఇంకొకటి. పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు, మతిమరుపు భయంతో రిటైరైనవాళ్ళు దించుకుంటున్నారు. డిప్రెషన్ నుంచి తేరుకుంటున్నవాళ్ళూ ఆశగా అటే చూస్తున్నారు. ఆ ఆశలో కొంత నిజం ఉంది. ఎంత ఉందో, ఎక్కడ ఆగిపోతుందో వాళ్ళకు ఎవరైనా విడమరిచి చెప్పాలి.

తగ్గాక కూడా మిగిలేది

డిప్రెషన్ అనగానే మనకు దిగులే గుర్తొస్తుంది. జబ్బును నిర్ధారించడానికి డాక్టర్లు చూసే 9 లక్షణాల్లో ఇంకొకటి ఉంది. ఆలోచన మందగించడం, మనసు ఒకచోట నిలవకపోవడం, ఏ చీర కట్టుకోవాలన్నంత చిన్న విషయం కూడా తేల్చుకోలేకపోవడం. నిద్ర గురించీ, ఏడుపు గురించీ ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చెబుతారు. దీని గురించి ఎవరూ చెప్పరు. బయటికి కనపడదు మరి.

నెదర్లాండ్స్‌లో 267 మంది రోగులను మూడేళ్ళ పాటు గమనించి, ఆ ఫలితాలను 2011లో ప్రచురించారు. జబ్బు తీవ్రంగా ఉన్న కాలంలో ఏకాగ్రత లోపం, నీరసం, నిద్ర ఇబ్బందులు 85 నుంచి 94 శాతం సమయం ఉన్నాయి. అది ఊహించిందే. జబ్బు తగ్గిపోయిందని తేల్చిన కాలంలో కూడా 39 నుంచి 44 శాతం సమయం అవే ఇబ్బందులు కొనసాగాయి. డాక్టరు కాగితం మీద 'తగ్గింది' అని రాసిన తరవాత, దాదాపు సగం కాలం మనిషి సగం బుర్రతోనే బతుకు ఈడుస్తున్నాడన్నమాట.

ఎందుకిలా? ఒక కారణం, డిప్రెషన్‌లో మనసు అలవాటు చేసుకునే తలపోత. జరిగిపోయినదాన్నే తవ్వుకోవడం, 'నావల్లే ఇలా అయింది' అని తిప్పితిప్పి అనుకోవడం. అప్పటికప్పుడు నాలుగు అంకెలు గుర్తుంచుకుని కూడటానికి, ఎదుటివాడి మాట వింటూనే జవాబు సిద్ధం చేసుకోవడానికి మెదడు వాడే చోటు చాలా చిన్నది. తలపోత దాన్నే ఆక్రమిస్తుంది. నెలల తరబడి నిద్ర చెడిపోవడం ఇంకో దెబ్బ. వీటికి తోడు ఆ కాలమంతా మనిషి పనికి దూరంగా, నలుగురికీ దూరంగా మంచాన పడి ఉంటాడు. విరిగిన కాలికి ఎముక అతుక్కుని కట్టు విప్పాక చూస్తే పిక్క సన్నబడిపోయి ఉంటుంది. దానికి మళ్ళీ నడక నేర్పాలి. మెదడు విషయంలో ఆ రెండో సగం చికిత్స మన దగ్గర దాదాపు లేనట్టే.

అన్నిటికీ డిప్రెషనే కారణం అనుకోవడం కూడా తప్పు. నిద్రకిచ్చే కొన్ని మాత్రలు, పాత తరహా డిప్రెషన్ మందులు కొన్ని జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, అదుపులో లేని షుగర్ కూడా ఆ పని చేస్తాయి. కాబట్టి ముందు జరగాల్సింది డాక్టరుతో ఆ మాట చెప్పడం. మందు మీద అనుమానం వచ్చిందని సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

"ఒళ్ళు వంచడం లేదు" అనే మాట

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ భాగం. దిగులుగా ఉన్నన్నాళ్ళూ మనిషి మీద ఇంట్లో జాలి ఉంటుంది. దిగులు తీరాక ఆ జాలి గడువు కూడా తీరిపోతుంది. "అన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకా ఏంటి నాన్నా నీకు?" అని తండ్రి. "సరుకులు నాలుగు చెబితే రెండే తెస్తారు, మనసు పెట్టరు" అని భార్య. వాళ్ళలో చెడ్డతనం ఏమీ లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. కానీ ఆ మాట పడ్డ మనిషి మాత్రం దాన్ని నమ్మేస్తాడు. తనకు తాను చేతకానివాడైపోతాడు. అలా నమ్మిన మనసులో తలపోత మళ్ళీ మొదలవుతుంది. జబ్బు తిరిగి రావడానికి ఇదో దారి.

తెనాలితో గాఢమైన అనుబంధం ఉన్న గోపీచంద్, తన మనసులో తానే నలిగి నాశనమైన సీతారామారావు కథను 'అసమర్థుని జీవయాత్ర'గా రాశాడు. తెలుగులో మనోవైజ్ఞానిక నవల అనగానే ముందు చెప్పుకునేది దాన్నే. 'అసమర్థుడు' అన్న ముద్ర మనిషిని ఏం చేస్తుందో ఈ గడ్డకు కొత్తగా చెప్పక్కర్లేదు.

బాపట్ల సంగతి వేరు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల, తరవాత వచ్చిన ఇంజినీరింగ్ కళాశాలలతో అది విద్యార్థుల ఊరు. చదువుకునే వయసులో డిప్రెషన్ వస్తే అది తినేది సరిగ్గా చదువుకు కావలసిన సత్తానే. కుర్రాడు కోలుకుని తిరిగి క్లాసుకు వస్తాడు. లెక్చరర్ చెప్పే వేగానికి నోట్సు అందుకోలేడు. పరీక్షలో ప్రశ్న చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. మార్కులు పడిపోతాయి. చుట్టూ ఉన్నవాళ్ళకు కనిపించేది మార్కుల జాబితా ఒక్కటే. ఏడాది కిందట తొంభై తెచ్చుకున్నవాడు నలభైకి దిగితే, ఆ తేడాకు జబ్బే కారణమని ఆ జాబితా చెప్పదు.

తెర మీద ఏం చేయిస్తారు?

కంప్యూటర్ ఆధారిత మేధో సాధన అంటే పేరు పెద్దది గానీ లోపల ఉండేవి సాదా అభ్యాసాలే. వరుసగా వస్తున్న బొమ్మల్లో రెండు బొమ్మల కిందట చూసినదే మళ్ళీ వస్తే మీట నొక్కాలి. అక్షరాల గుంపులో ఒకే అక్షరాన్ని వెతికి కొట్టేయాలి. సరుకుల జాబితా చూపించి మాయం చేసి, కాసేపటి తరవాత అడుగుతారు. తప్పులు చేస్తే అభ్యాసం తేలికవుతుంది, సరిగ్గా చేస్తుంటే కష్టమవుతుంది. మామూలు ఫోన్ ఆటలు చాలావాటికీ దీనికీ ఒక తేడా ఇది. మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టి, అక్కడి నుంచి ఒక్క మెట్టు పైకి లాగుతుంది.

అన్నిట్లోకీ నాకు ఆసక్తి కలిగించింది అంకెల సాధన. కంప్యూటర్ ఒక్కో అంకె పలుకుతుంది. చివరి రెండు అంకెలనూ కూడి చెప్పాలి. నాలుగు, ఏడు అంది. మీరు పదకొండు అంటారు. తరవాత రెండు అంది. ఇప్పుడు జవాబు పదమూడు కాదు, ఏడూ రెండూ తొమ్మిది. చెప్పిన జవాబును వదిలేసి, విన్న అంకెనే పట్టుకోవాలి. ఒక్క తప్పు చేసి 'అయ్యో' అనుకుంటూ కూర్చుంటే వచ్చే అంకె జారిపోతుంది. తప్పును అక్కడే వదిలి ముందుకెళ్ళడం డిప్రెషన్ అనుభవించిన మనసుకు అన్నిటికంటే కష్టమైన పని. సాధన తాకేది సరిగ్గా అక్కడే.

బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో హూరెల్‌బెకె, కోస్టర్ అనే పరిశోధకులు డిప్రెషన్ నుంచి కోలుకున్న 68 మందిని తీసుకున్నారు. కొందరితో ఇంటర్నెట్ ద్వారా ఇంటి దగ్గరే, రెండు వారాల్లో 10 సార్లు, ఈ అంకెల సాధన చేయించారు. మిగతావాళ్ళకు తేలికపాటి పని ఇచ్చారు. మూడు నెలల తరవాత చూస్తే సాధన చేసినవాళ్ళలో తలపోత తగ్గింది, జబ్బు తాలూకు మిగులు లక్షణాలూ తగ్గాయి. ఇది 2017 నాటి మాట.

అమెరికాలో 2014లో వెలువడిన ఇంకో ప్రయోగం వృద్ధుల మీద. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 11 మంది పెద్దవాళ్ళు నాలుగు వారాల్లో 30 గంటలు కంప్యూటర్ ముందు సాధన చేశారు. ఎస్సిటలోప్రామ్ అనే మందు 12 వారాలు వాడిన వృద్ధులతో పోల్చితే దిగులు తగ్గడంలో వాళ్ళకు దీటుగా నిలిచారు. పదకొండు మందిని చూసి పండగ చేసుకోలేం. కానీ వయసు మీరిన మెదడూ నేర్చుకుంటుందన్న కబురు చిన్నదేమీ కాదు.

ఇలాంటి ప్రయోగాలు తొమ్మిదింటిని 2016లో ఒకచోట చేర్చి తూచారు. ఏకాగ్రత, అప్పటికప్పుడు గుర్తుంచుకునే శక్తి, రోజువారీ పనులు చేసుకోగలగడం మెరుగయ్యాయి. దిగులు కూడా కొంత తగ్గింది. విన్న మాటలు గుర్తుండటం, పనిని ప్రణాళిక వేసుకుని నడపడం మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. సగం తలుపే తెరుచుకుందని తెలిసి లోపలికి వెళ్ళడం మంచిది.

> బాక్స్: చేటలో గింజలు
> కంప్యూటరే అక్కర్లేని సాధన కూడా ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తలకు దెబ్బ తగిలినవారికీ, మానసిక రోగులకూ మేధో సాధన చాలాకాలంగా చేయిస్తున్నారు. శోభిని రావు వంటి మనోవైజ్ఞానికులు అక్కడ ఈ విద్యకు పునాది వేశారు. అక్షరాల వరుసలో అడిగిన అక్షరాన్ని కొట్టేయడం, నోటిలెక్కలు, కలిపేసిన రకరకాల గింజలను ఏరి వేరు చేయడం ఆ అభ్యాసాల్లో ఉంటాయి. రోజురోజుకూ గింజల రకాలు పెంచుతారు, పట్టిన సమయం, దొర్లిన తప్పులు రాసుకుంటారు. స్కిజోఫ్రీనియా తొలిదశలో ఉన్నవారికి ఇంటివాళ్ళ చేతే ఇలాంటి సాధన చేయించి చూసిన నిమ్హాన్స్ అధ్యయనం 2012లో వెలువడింది.

ఆటలో గెలిచి, లెక్కలో ఓడితే?

ప్రకటనలు దాచేది ఇక్కడే. ఒక ఆట పదే పదే ఆడితే ఆ ఆటలో నేర్పు పెరుగుతుంది. అది బతుకులోకి దానంతటది నడిచి రాదు. 'లుమోసిటీ' అనే పేరున్న మెదడు ఆటల కంపెనీ, చదువులోనూ ఉద్యోగంలోనూ రాణిస్తారని, వయసుతో వచ్చే మతిమరుపు ఆగుతుందని ప్రచారం చేసింది. ఆ మాటలకు తగిన ఆధారాలు లేవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 2016 జనవరిలో 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ ఆటలు ఆడటం నేరమని కాదు. జబ్బునపడి లేచినవాడి ఆశను సొమ్ము చేసుకోవడం దగ్గరే నా అభ్యంతరం.

మరి తేడా ఎక్కడ వస్తుంది? పక్కన మనిషి ఉండటంలో. సరైన పద్ధతిలో సాధన చేయించేవాళ్ళు గంటలో కొంతసేపే తెర ముందు కూర్చోబెడతారు. మిగతా సమయంలో అడుగుతారు: 'ఇప్పుడు ఆ ఏడు వస్తువులూ ఎలా గుర్తుపెట్టుకున్నారు? గుంపులుగా కట్టారా? పాటలా వల్లించారా? అదే ఉపాయం మీ కొట్టులో ఎక్కడ పనికొస్తుంది?' గుమాస్తా అయితే అయిదేసి బిల్లులకు ఒక గీత గీసుకోవడం నేర్చుకుంటాడు. మధ్యలో ఎవరు పిలిచినా గీత దగ్గరికే తిరిగి వస్తాడు, మొదటికి కాదు. బాపట్ల కుర్రాడు పేరా చదవగానే పుస్తకం మూసి ఒక వాక్యం సొంత మాటల్లో రాస్తాడు. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ బోవీ బృందం 10 వారాల పాటు వారం వారం ఇలా గుంపుగా కూర్చోబెట్టి, ఇంటి దగ్గర ఆన్‌లైన్ సాధన ఇచ్చింది. ఇంటి సాధన ఎక్కువ చేసినవాళ్ళకే మేలు ఎక్కువ కలిగింది.

రేపల్లె లైను చివర

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన మీదుగా వెళ్ళే రైలు రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆవల కృష్ణ, లంకలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చెరువు గట్టు మీద బతికే కుటుంబాల్లో మతిమరుపు ఖరీదు వెంటనే తెలిసిపోతుంది. రాత్రి ఏరియేటర్ వేయడం మరిచిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. మేత ఎంత వేశారో గుర్తులేక రెండోసారి వేస్తే నీళ్ళు చెడతాయి. డిప్రెషన్ నుంచి అప్పుడే లేచిన రైతుకు అలాంటి ఒక్క పొరపాటు అప్పునూ దిగులునూ కలిపి తెచ్చిపెడుతుంది.

ఇక్కడివాళ్ళకు మానసిక వైద్యం అంటే ఎక్కువగా గుంటూరు, విజయవాడ. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాడి కూలీ పోతుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లెలు కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కాగితం మీద గీత మారింది గానీ జబ్బు చేస్తే జనం ఎక్కే రైలు మారలేదు. నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలయ్యారు. జబ్బున్నవాళ్ళలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. తొలి చికిత్సే అందనిచోట రెండో సగం గురించి మాట్లాడటం అత్యాశ అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. పనికి తిరిగి వెళ్ళగలనన్న భరోసా ఉంటే చికిత్సకు వచ్చేవాళ్ళు పెరుగుతారు.

దారి చూపిన అనుభవం మన రాష్ట్రంలోనే ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో పనిచేసింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్ళు గడప గడపకూ వెళ్ళి, తెర మీద వచ్చే ప్రశ్నలు తెలుగులో అడిగి, డిప్రెషన్ ఛాయలున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. ఏం చేయాలో సూచించే సాఫ్ట్‌వేర్ అక్కడి డాక్టరుకూ ఉంది. తరవాత ఎవరు మందులు వాడుతున్నారో, ఎవరు మానేశారో ఆశా కార్యకర్తలే కనుక్కున్నారు. హర్యానాలోనూ కలిపి పెద్ద ఎత్తున చేసిన పరీక్షలో, ఈ పద్ధతి అందినచోట డిప్రెషన్ ఎక్కువగా తగ్గింది. ఆ ట్యాబ్‌లో ఉన్నది జబ్బును పసిగట్టే ప్రశ్నలు, మేధో సాధన కాదు. కానీ పదో తరగతి చదివిన ఆశా అక్క చేతిలో ట్యాబ్ ఉంటే ఊరు తలుపు తీస్తుందని రుజువైంది.

> బాక్స్: ఫోన్ చేస్తే చాలు
> టెలీ మానస్: 14416 లేదా 1800-891-4416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన మీకో, మీవాళ్ళకో వస్తుంటే ఏ సాధన కోసమూ ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి, దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

కొట్టులో, ఇంట్లో

రేపటి నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. షావుకారు తలుచుకుంటే, తిరిగి వచ్చిన గుమాస్తాకు మొదటి నెల ఉదయం రెండు గంటలు ఎవరూ పలకరించని మూల ఇవ్వగలడు. బేరాలు ఇంకొకరు చూసుకుంటారు. లెక్క చివర ఇంకో జత కళ్ళు చూస్తాయి, తప్పు పట్టడానికి కాదు, ధైర్యానికి. కాలేజీ తలుచుకుంటే పరీక్షకు కాస్త అదనపు సమయం ఇవ్వగలదు. ఇంట్లోవాళ్ళు పనులు నోటితో చెప్పే బదులు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించవచ్చు. ఫోన్‌లో అలారం పెట్టుకోవడాన్ని వెక్కిరించకుండా ఉంటే అదే పెద్ద సాయం. నడక, వేళకు నిద్ర మెదడుకు చేసే మేలు ఏ ఆటకూ తీసిపోదు.

ఫోన్‌లో సాధన మొదలుపెట్టేవాళ్ళు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి. రోజుకు అరగంట మించనక్కర్లేదు. స్కోరు తగ్గిన రోజున 'నాకిక రాదు' అనిపిస్తే ఫోన్ పక్కన పెట్టి, ఆ మాట డాక్టరుతో చెప్పాలి. డబ్బు కట్టమని తొందరపెట్టే ఆప్‌కు దూరంగా ఉండాలి.

అసలు కావలసింది ఇంకొకటి. తెనాలి జిల్లా ఆసుపత్రిలో ఒక గది, నాలుగు కంప్యూటర్లు, వారానికి రెండు రోజులు కూర్చునే ఒక మనోవైజ్ఞానికుడు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ దేశంలో నడుస్తోంది, దాని కిందే ఇది పెట్టవచ్చు. అభ్యాసాల్లోని బొమ్మలు, సరుకుల పేర్లు ఇక్కడివై ఉండాలి. మంచుబొమ్మను గుర్తుంచుకోమంటే భట్టిప్రోలు ముసలమ్మకు అది రెండింతల బరువు, గడ్డివామి అయితే ఇట్టే పట్టుకుంటుంది. బాపట్ల, రేపల్లెల్లో గది కూడా అక్కర్లేదు. పదిహేను రోజులకోసారి తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఆ మనోవైజ్ఞానికుడు మాట్లాడితే, మధ్యలో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి ఎన్ని రోజులు సాధన చేశారో చూసి, పాలు పొంగడం తగ్గిందా, మేత లెక్క రాస్తున్నారా అని అడిగి రాసుకుంటే సరిపోతుంది. పది వారాల తరవాత ఆ కాగితం చూసి, ఇంకా కొనసాగించాలో మానేయాలో డాక్టరు చెబుతాడు.